ఎండకు రావలసిన వాటా

మంచినీటి సరఫరా సంస్థ ముప్పై మూడేళ్లపాటు నాకు జీతం ఇచ్చినది, సూటిగా చెప్పాలంటే, ఎదుటివారి మాట నమ్మనందుకు. కాగితాల మీద నా హోదా రసాయన విశ్లేషకురాలు. క్లోరిన్ కలిపామని రిజిస్టరులో రాసిన చోట నిజంగా కలిపారో లేదో సీసాలో నీళ్లు పట్టి చూడటం నా పని. చివరి అయిదారేళ్లలో మా సంస్థకు కరెంటు పొదుపు మీద, సౌరవిద్యుత్తు మీద శ్రద్ధ పుట్టింది. ఆ పొదుపు నిజమో కాదో తేల్చడానికి ఎవరి మాటా నమ్మని మనిషి ఒకరు కావలసి వచ్చారు. వెతకడానికి వారికి ఎక్కువ సమయం పట్టలేదు.

నా ఇల్లు తాడేపల్లిగూడెంలో, ఆఫీసు ఏలూరులో. రోజూ రైలు ప్రయాణం. రైలు సరైన సమయానికే నడుస్తోందని స్టేషన్ మైకులో చెప్పినా నేను చేతి గడియారం చూసుకుంటానని ఆఫీసులో నా మీద ఒక హాస్యం చెప్పుకునేవారు. అందులో హాస్యం ఏముందో నాకు తెలియలేదు. నిజంగానే చూసుకునేదాన్ని.

కొత్తగా ఈ ఉద్యోగాల్లో చేరుతున్న మీకు నేను చెప్పదలచినది ఒకే ఒక్క నివేదిక గురించి. ఆ నివేదికలో ఒక మనిషి ఉద్యోగం పోవడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని నేను దాదాపు రాసేశాను.

కైకలూరు నుంచి కలిదిండి వైపు వెళ్తుంటే, దారికి రెండు పక్కలా చేపల చెరువులే తప్ప నేల కనిపించని చోట ఆ ఊరుంది. చుట్టూ అంత నీరున్నా అందులో గుక్కెడు కూడా తాగడానికి పనికిరాదు. కాలువ నీటిని పెద్ద చెరువులో నిల్వచేసి, ఇసుక ఫిల్టర్ల గుండా పోనిచ్చి, నేలలోని సంపులో పట్టి, పంపుతో ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి ఊరికి వదులుతారు. ఈ ఏర్పాటంతా చూసుకునేది ఒక ఆపరేటరు. నలభై అయిదేళ్లుంటాయి. పన్నెండేళ్లుగా ఒప్పందం మీద పనిచేస్తున్నాడు. ఒప్పందం మీద అంటే మీకు తెలుసు, పైనుంచి ఒక కాగితం వస్తే సాయంత్రానికి తాళాలు అప్పగించి వెళ్లిపోవలసినవాడు.

ఆ నిల్వ చెరువు గట్టు మీద మా పెద్ద ఇంజనీరుగారు సోలార్ ప్యానెళ్లు పెట్టించారు. ఎండ ఇచ్చినంత ఎండ కరెంటు, చాలని మేరకు లైను కరెంటు. ప్యానెళ్ల కోసమే పంపు నడిపే వేళను తెల్లవారుజాము నుంచి పగటికి మార్చారు. గేటు దగ్గర ‘ఈ ఊరి నీటిని సూర్యుడే తోడి పోస్తున్నాడు’ అని ఒక బోర్డు కూడా వెలిసింది. ఆ బోర్డు చూసిన మొదటి రోజే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. అందులో ‘సూర్యుడే’ అన్న మాట కొలవకుండా రాసినది.

ఏడాది గడిచింది. ఇంజనీరుగారు నన్ను గదిలోకి పిలిచారు. మనిషి మంచివారు. ఉత్సాహం పాలు కాస్త ఎక్కువ.

“మేడమ్, లైను కరెంటు సగానికి పడిపోయిందండీ! ఇదే పద్ధతి ఇంకో మూడు ఊళ్లకి అడుగుతున్నాం. మీరో రిపోర్టు రాసి సంతకం పెట్టేస్తే పని అయిపోతుంది.”

“చూసి పెడతానండీ.”

“చూడ్డానికేం ఉందండీ? పదికి అయిదయింది.”

అయింది, నిజమే. పూర్వం పది పాళ్లు వాడిన చోట ఇప్పుడు లైను నుంచి అయిదు పాళ్లే వాడుతున్నారు. అయితే ప్యానెళ్లకు వాటి మీటరు వేరే ఉంది. అది చూపించినది రెండు పాళ్లు మాత్రమే. మిగతా మూడు పాళ్లు ఎవరు ఇచ్చినట్టు?

రిజిస్టరు తీశాను. పూర్వం పంపు రోజుకు నాలుగు గంటలు నడిచేది. ఇప్పుడు మూడు గంటల కంటే తక్కువే నడుస్తోందని ఆపరేటరు రాస్తున్నాడు. నీళ్లు తగ్గాయని ఊళ్లో ఒక్క ఫిర్యాదు కూడా లేదు. తక్కువసేపు తోడితే అదే నీరు ఎలా వస్తుంది? ఇక్కడ మీకో నిజం ఒప్పుకోవాలి. ఈ ప్రశ్నకు నా మనసు వెంటనే ఒక జవాబు చెప్పింది, అది నాకు చాలా బాగా నచ్చింది. మూడేళ్ల క్రితం ఆ ఊరి పంపు గంటలను పంపు సామర్థ్యంతో హెచ్చించి, జనాభాతో భాగించి, ఈ ఊరివారు తలసరి పరిమితికి మించిన నీరు వాడుతున్నారని నేనే ఒక నివేదిక రాశాను. రాసి ఊరుకోలేదు. వెళ్లి, సభ పెట్టి, మైకులో అరగంట నీటి పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు ఆ ఊరి వాడకం తగ్గిందంటే అది నా ఉపన్యాస ఫలితం కాదని ఎవరనగలరు? రెండు రోజులు ఆ ఆలోచనను ముద్దుచేశాను. ఉపన్యాసం ఫలించడానికి రెండేళ్లు ఎందుకు ఆగిందన్న ప్రశ్న మూడోనాడు రైల్లో తట్టింది. బాధతోనే దాన్ని కొట్టేశాను.

ఇంజనీరుగారికి మూడు పాళ్ల సంగతి చెప్పాను.

“తగ్గింది కదండీ, అంతా ఎండ ఖాతాలో వేసేయండి.”

“ఎండ ఇవ్వనిది ఎండ ఖాతాలో ఎలా వేస్తామండీ?”

ఆయన ఫ్యాను వైపు చూశారు. “అయితే ఎవరో మీటరు తప్పించి వైరు కొట్టారన్నమాట. ఆపరేటరు తప్ప అక్కడ ఇంకెవరున్నారు? తీసేద్దాం. సూర్యుడో, దొంగో, ఏదో ఒకటి సోమవారానికి రాసివ్వండి మేడమ్.”

దొంగ అన్న మాట నాకు సూర్యుడి కంటే శాస్త్రీయంగా వినిపించింది. అసలు పంపు నాలుగు గంటలూ నడుస్తూ ఉండాలి. దొంగ కరెంటుతో నడిచిన గంటను రిజిస్టరులో ఎగ్గొడుతూ ఉండాలి. అన్నీ చక్కగా అమరాయి. ఆ సాయంత్రమే చిత్తుప్రతిలో ‘ఆపరేటరును తొలగించి విచారణ జరపడం సముచితం’ అని రాశాను. సంతకానికి ముందు చూసి రావడం నా అలవాటు కనుక, మర్నాడు కైకలూరు బస్సెక్కాను.

ముందు మీటరు సీళ్లు చూశాను. చెక్కుచెదరలేదు. స్తంభం నుంచి పంపు గది దాకా వైరు వెంట నడిచాను. ఎక్కడా అతుకు లేదు. ఆపరేటరు నా వెనకాలే గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

“కొబ్బరిబొండం కొట్టమంటారాండీ?”

“వద్దు. తనిఖీలో నేనేమీ తీసుకోను.”

“ఎండగా ఉందని అన్నానండీ.”

“ఎండ సంగతే చూడ్డానికి వచ్చాను.”

అతను తలొంచుకుని చీపురు, బకెట్టు తీసుకుని గట్టు మీదికి పోయాడు. నీటికాకులు ఆ ప్యానెళ్లను తమ కోసమే పరిచిన అరుగులనుకుంటాయి. వాటి రెట్టలు రోజూ కడగకపోతే ఎండ లోపలికి దిగదు. పది గంటలకు వచ్చి పంపు వేశాడు. నేను ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గడియారం, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరగంటకోసారి సంపులోకి కర్ర దింపి నీరు ఎంత దిగిందో కొలిచాను. పంపు తన సామర్థ్యం మేరకే తోడుతోంది. అందులో మాయ లేదు. వైరులో మాయ లేదు, మీటరులో లేదు. నాలుగు గంటలూ నడుస్తుందేమో చూడటమొకటే మిగిలింది.

పన్నెండూ నలభై ఎనిమిదికి గోడ అవతల నుంచి ఒక కేక వినిపించింది.

“ఒరేయ్ అబ్బాయ్! కట్టెయ్, కట్టెయ్! పొర్లిపోతంది!”

అన్నం తింటున్న ఆపరేటరు పళ్లెం వదిలేసి, ఎంగిలి చేత్తోనే పరుగెత్తి స్టార్టరు నొక్కాడు. పంపు ఆగింది. కేక మాత్రం ఆగలేదు.

“నీ అన్నం తగలెయ్యా! చప్టా మొదలంతా తడిపేశావు కదరా!”

నేను లేచి గేటు దాటి వెళ్లాను. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండితే పైనీళ్లు దిగడానికి ఒక గొట్టం ఉంటుంది. అది గోడ అవతల సిమెంటు చప్టా మీద పోస్తుంది. ఆ చప్టా నిండా చిన్న చిన్న పరిగె చేపలు ఎండబోసి ఉన్నాయి. అరవై ఏళ్ల ఆవిడ ఒకరు వాటిని చీపురుతో నీటి దారి నుంచి పక్కకు నెడుతున్నారు. ఎండుచేపలు అమ్ముకుని బతికే మనిషి. తాగునీటి ట్యాంకు పక్కన చేపలు ఎండబెట్టకూడదన్న నిబంధన నా నాలుక చివరికి వచ్చింది. ఎందుకో ఆగాను.

“రోజూ ఇలాగే కేకేస్తారా అండీ?” అని అడిగాను.

“ఆయ్. ఎయ్యకపోతే ఎలాగండీ? ఈడికి అన్నం ముందు కూకుంటే ట్యాంకు గుర్తుండదండీ. చేపలు ఒకసారి తడిసినాయంటే పురుగే.”

“మరి ఇదివరకు, పగలు పంపు లేనప్పుడు ఎవరు కేకేసేవారు?”

ఆవిడ నన్ను జాలిగా చూశారు. “అప్పుడెవరేస్తారండీ? తెల్లారగట్ల నేను చేపలు పరవను కదండీ. నీళ్లు పొర్లేయి, పొర్లేయి, ఈ బోదె నిండా పారిపోయేయి. మా బాతులు అందులోనే ఈత నేర్చుకున్నాయండీ.”

నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆవిడ దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూశారు.

“అమ్మగారూ, మీరే కదండీ ఆయేడు మైకులో మాటాడింది? మా ఊరోళ్లు నీళ్లు ఒలకబోసేస్తన్నారనీ, బిందె నిండగానే కుళాయి కట్టెయ్యాలనీ?”

“నేనే.”

“నేను ముందు వరసలోనే కూకున్నానండీ. ఒలికేది మా బిందె కాదండీ, మీ ట్యాంకూ అని చెప్దామనుకున్నా. మీరు మైకు ఇవ్వలేదండీ.”

ముప్పై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో నా లెక్కను అంత తక్కువ మాటల్లో తప్పని తేల్చినవారు వేరొకరు లేరు. పంపు తోడినదంతా ఊరు తాగిందని నేను రాశాను. మధ్యలో ఒక గొట్టం ఉందని నాకు తెలుసు. దానిలోంచి ఎంత పోతోందని మాత్రం అడగలేదు. నేను ఎవరి మాటా నమ్మనిదాన్ని. ఆ ఒక్కసారి నా మాట నేను నమ్మాను.

వెనక్కి తిరిగితే ఆపరేటరు నిలబడి ఉన్నాడు. అన్నం చెయ్యి ఇంకా కడుక్కోలేదు.

“నాలుగు గంటలు వెయ్యాలని నాకు పని నేర్పినాయన చెప్పాడండీ. నాలుగు గంటలే వేశాను. ఎనిమిదేళ్ల కిందట పాత పంపు తీసి కొత్తది బిగించారండీ. అది తొందరగా నింపేస్తందని నాకెవరూ చెప్పలేదండీ.”

“పొర్లుతుంటే కనపడదా?”

అతను గట్టు వైపు చూశాడు. “ఆ వేళప్పుడు నేనిక్కడ ఉండేవోణ్ణి కాదండీ. పంపు వేసి చెరువుల మీద పట్టుబడికి పోయేవోణ్ణి. తెల్లారేలోపు చేపలు పట్టి, ఐసు వేసి, ఆకివీడు లారీ ఎక్కించాలి కదండీ. కూలికెళ్లేవోణ్ణి.” అన్నం చెయ్యి వెనక్కి పెట్టుకుని, “ఇది రాస్తారాండీ?” అన్నాడు.

నాకు అప్పుడు పరిస్థితి అర్థమైంది. అతను దొంగ కాదని రుజువు చేసే వాక్యమే, అతను ఏళ్ల తరబడి పని వేళలో పనిచోట లేడని రుజువు చేస్తుంది. కరెంటు దొంగిలించాడన్నా ఉద్యోగం పోతుంది, దొంగిలించలేదన్నా పోతుంది.

“రేపు మళ్లీ వస్తాను,” అన్నాను. “మీరన్నది కొలవాలి. పూర్వంలా నాలుగు గంటలూ పంపు నడపండి. పొర్లనివ్వండి.”

“పొర్లనివ్వడమేంటండీ!” ఆవిడ చీపురు కింద పెట్టారు. “నా పరిగెలేం కావాలి?”

“ఒక్క రోజు ఇంకెక్కడైనా ఎండబెట్టుకోండి.”

“అయితే గట్టు మీద ఆ అద్దాలున్నాయి కదండీ, వాటి మీద పోసుకోనివ్వండి. ఎండ కోసమేగా పెట్టారు?”

సౌరవిద్యుత్తు సామర్థ్యంపై ఎండుచేపల ప్రభావాన్ని కొలిచే అవకాశాన్ని నేను ఆ రోజు వదులుకున్నాను. ఆపరేటరు మొదటిసారి నవ్వాడు. చివరికి ఆవిడ రోడ్డు వారకు ఒప్పుకున్నారు, లారీలు తొక్కితే బాధ్యత నాదేనన్న షరతు మీద.

మర్నాడు పది గంటలకు పంపు వేయించాను. పన్నెండూ నలభై ఆరుకు గొట్టం నుంచి ధార మొదలైంది. రెండింటికి పంపు ఆపాం. గంటా పద్నాలుగు నిమిషాలు. నాలుగు గంటల్లో పదింట మూడు పాళ్లకు నా లెక్క ప్రకారం రావలసినది గంటా పన్నెండు నిమిషాలు. ఊళ్లోవాళ్లు బిందెలు తెచ్చి ధార కింద పెట్టారు. బాతులు వచ్చాయి. ధార ఆగగానే ఆవిడ “లెక్క కుదిరిందాండీ?” అని అడిగారు. కుదిరిందన్నాను. “మైకు కావాలాండీ?” అన్నారు.

ఆదివారమంతా కూర్చుని నివేదిక తిరిగి రాశాను. సోమవారం ఇంజనీరుగారు దాన్ని పైకే చదివారు.

“‘మూడేళ్ల క్రితం ఈ ఊరి నీటి వాడకంపై నేను సమర్పించిన నివేదిక తప్పు’. ఇదేంటండీ, మీరు మీ మీదే రాసుకున్నారు?”

“మొదటి తప్పు అదేనండీ. వరసలో రాశాను.”

“‘తగ్గిన అయిదు పాళ్లలో రెండు ప్యానెళ్లవి. మూడు, ట్యాంకు పొర్లడం పగటి వెలుతురులో ఎండుచేపలు అమ్మే స్థానికురాలి కంటపడటం వలన’.” ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. “చేపలు ఉండాలంటారా మేడమ్? పైవాళ్లు నవ్వుతారండీ.”

“తీసేయవచ్చండీ. కారణమేమిటని వాళ్లు అడిగితే మళ్లీ చేపలనే చెప్పాలి.”

ఆయన పేజీ తిప్పారు. “‘పూర్వం ట్యాంకు పొర్లిన సమయంలో అక్కడ ఎవరూ లేరు’. ఎవరూ అంటే? ఆపరేటరు కూడానా?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. రాత్రి చాలాసేపు జవాబు వెతికాను. అబద్ధం చెప్పలేను, చెబితే ముప్పై ఏళ్ల జీతం వాపసు చేయాలి.

“ఆపరేటరూ లేడండీ, నేనూ లేను, మీరూ లేరు. ట్యాంకు నిండినట్టు చెప్పే ఏర్పాటు మనం పెట్టలేదు. ఒక మనిషి రోజూ తల పైకెత్తి చూస్తాడనుకున్నాం. అందుకే ట్యాంకు నిండగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టాలని చివర రాశాను.”

“కొత్త పంపు బిగించినప్పుడు గంటలు తగ్గించమని అతనికి చెప్పి ఉండాల్సింది కదా. అప్పుడా సెక్షన్లో ఇంజనీరెవరు?”

ఆయన కిటికీలోంచి కాలువ వైపు చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“నేనే కదూ,” అన్నారు.

“రిజిస్టరులో ఉందండీ.”

“జత చేశారా?”

“అడిగితే చేద్దామని ఆగానండీ.”

ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వుకు నేను ఈ రోజుకీ ఆయన్ని గౌరవిస్తాను. కలం తీసి నివేదిక కింద, ‘పై లోపంలో నా వంతు ఉంది. ఆపరేటరుకు కొత్త గంటలు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పంపు నడిచే వేళ అతడు స్థలం విడిచి వెళ్లరాదు’ అని రాసి సంతకం పెట్టారు. విచారణ లేదు, తొలగింపు లేదు. ఆపరేటరుకు ఒక హెచ్చరిక కాగితం వెళ్లింది. అతను దాన్ని పంపు గదిలో అంటించుకున్నాడు. తన పేరుమీద పైనుంచి వచ్చిన మొదటి కాగితం అదేనట.

మూడు ఊళ్లకూ ప్యానెళ్లు మంజూరయ్యాయి, ఫ్లోట్ స్విచ్‌లతో సహా. మేము ఆశించిన ప్రశంసాపత్రం మాత్రం రాలేదు. చేపల వాక్యం వల్లేనని ఇంజనీరుగారు పదవీ విరమణ దాకా అంటూనే ఉన్నారు. ఇంకొక వాదం కూడా ఆయన వదల్లేదు. “ప్యానెళ్లే లేకపోతే పంపు పగటికి మారేదా అండీ? పగటికి మారకపోతే ఆవిడ చూసేదా? అందుకని అయిదు పాళ్లూ ఎండవే.” ఇది నేను ఎంత ప్రయత్నించినా పూర్తిగా కొట్టేయలేకపోయిన వాదం. ఎండకు రావలసిన వాటా రెండా, అయిదా అన్నది మీరు తేల్చండి. మీకు సర్వీసు చాలా ఉంది.

మీకు చెప్పదగినది నా దగ్గర కొంచెమే ఉంది. పొదుపు జరిగిందంటే ముందు సంతోషించండి. తర్వాత ఎక్కడ జరిగిందో వెళ్లి చూడండి. చూడటానికి వెళ్లినప్పుడు మీటరుకు వేసిన సీలు ఒక్కటే కాక గోడ అవతల ఏముందో కూడా చూడండి. మైకు మీ చేతిలో ఉంటే దాన్ని ఒకసారి ముందు వరసకు ఇవ్వండి.

ఆ ఊళ్లో ఫ్లోట్ స్విచ్ ఇప్పటికి రెండుసార్లు ఇరుక్కుపోయిందట. రెండుసార్లూ కేక వినిపించిందట.

నేను ఉద్యోగం విరమించిన రోజున ఆపరేటరు పంపు నడిపే పని ముగించుకుని, సెలవు చీటీ పెట్టి మరీ ఏలూరు వచ్చాడు. సెలవు చీటీ నకలు నాకు చూపించాడు కూడా. చేతిలో పేపరు పొట్లం ఉంది.

“గోడ అవతలి పిన్ని పంపిందండీ. ఈ ఏడు ఒక్కసారీ తడవని పరిగెలంట. కిలో ఉంటాయని చెప్పమందండీ. ఇప్పుడు తనిఖీ కాదు కదండీ, తీసుకోవచ్చు కదండీ?”

తీసుకున్నాను. ఇంటికి వచ్చి, వంకాయలు తరిగి పెట్టుకుని, పొట్లం విప్పబోతూ ఆగాను. అలవాటు చావదు. తక్కెడ తీసి తూచాను.

కిలో మీద ఎక్కువే ఉన్నాయి. ఆ ఎక్కువ ఏ ఖాతాలోదో నేను విచారించలేదు.